రైలు వదిలేసిన ఊళ్లు ఏమవుతాయి? సైబీరియా నుంచి కరీంనగర్ దాకా

నమస్తే. కాజీపేట జంక్షన్‌లో ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద ఉన్నాను, కింద బొగ్గు వ్యాగన్లు పోతున్నాయి, సౌండ్ ఎక్కువుంటే ఏమనుకోకండి.

ఇక్కడి నుంచి బల్లార్షా లైను 1929లో పూర్తయ్యాకే ఢిల్లీ, మద్రాసు మనమీదుగా నేరుగా కలిశాయి. కానీ అది పెద్దపల్లి మీదుగా పోయింది, కరీంనగర్‌ను తాకలేదు. ఎందుకు గుర్తు చేస్తున్నానో చివర్లో చెప్తా, ముందు రష్యా వెళ్లొద్దాం.

(స్క్రీన్ మీద మ్యాప్: మాస్కో నుంచి వ్లాదివోస్తోక్, 9,289 కిలోమీటర్లు)

ఈ ట్రాన్స్-సైబీరియన్ రైలు మార్గం పని 1891లో మొదలైంది. అప్పటికే టోమ్స్క్ పెద్ద ఊరు, సైబీరియాలో మొదటి యూనివర్సిటీ అక్కడిదే. ఇంజినీర్లేమో ఓబ్ నది మీద వంతెనకు గట్టి నేల చూసుకుని దక్షిణంగా జరిగారు, టోమ్స్క్‌కు తర్వాత ఒక బ్రాంచి లైను మిగిలింది. ఆ వంతెన కట్టే కూలీల కోసం 1893లో లేచిన గుడిసెలే ఇవాళ నోవోసిబిర్స్క్, జనాభా 16 లక్షలు, రష్యాలో మూడో పెద్ద నగరం. టోమ్స్క్ అందులో మూడో వంతు.

జనం ఎట్లా వచ్చారంటే, 1906 నుంచి 1914 లోపు దాదాపు 30 లక్షల మంది రైతులు సర్కారు ఇచ్చే భూమి కోసం ఈ రైలెక్కారు. తట్టుకోలేక లక్షల మంది వెనక్కి కూడా పోయారు, ఆ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు.

నాకు బాగా నచ్చింది వెన్న కథ. సైబీరియా గోధుమలు చౌకగా దిగితే మా పంట ఎవరు కొంటారని యూరప్ వైపు రష్యాలోని భూస్వాములు భయపడ్డారు, దాంతో సైబీరియా అంచున ఉన్న చెల్యాబిన్స్క్ ఊరు దాటి అటు వచ్చే ధాన్యానికి రవాణా ఛార్జీ పెంచేశారు. రైతులేం చేశారు? తక్కువ బరువు, ఎక్కువ ధర ఉండే సరుకు చూసుకున్నారు. ఆవులు పెంచి, వెన్న తీసి, చల్లటి వ్యాగన్లలో లండన్ దాకా పంపారు! అంటే పట్టాలు ఎంత ముఖ్యమో, ఛార్జీ ఎవరు రాస్తారన్నదీ అంతే ముఖ్యం.

ఇక మన కరీంనగర్. టోమ్స్క్ లెక్కనే దీనికీ చాలా ఏళ్ల తర్వాత, పెద్దపల్లి నుంచి బ్రాంచి లైనే వచ్చింది. అయినా పెద్దపల్లి కంటే ఎన్నో రెట్లు పెద్దదైంది, ఎందుకంటే మన దగ్గర రోడ్లున్నాయి, బస్సులున్నాయి, 2016లో పెద్దపల్లి వేరే జిల్లా అయ్యేదాకా జిల్లా ఆఫీసులన్నీ కరీంనగర్‌లోనే ఉండేవి. అప్పటి సైబీరియాలో రైలు తప్పితే మంచు బాటలే.

మాకు తర్వాతి షూటింగ్ కరీంనగర్‌లోనే. రైలులో పోదామంటే పెద్దపల్లి చుట్టూ తిరగాలి, అందుకే హన్మకొండ బస్టాండుకు బయల్దేరుతున్నాం.