ఒహాయోలో వానలో క్యూలు, బ్లాగుల్లో కెర్రీ గెలుపు

వ్యాఖ్యాత: నమస్కారం. 2004 నవంబర్ 2న అమెరికా అధ్యక్ష ఎన్నిక జరిగింది. రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ బుష్, డెమొక్రాట్ జాన్ కెర్రీ పోటీ. గెలిచింది బుష్. ఆ రోజంతా రాజకీయ బ్లాగులు నడిపిన ముగ్గురు మనతో ఉన్నారు. న్యూజెర్సీ నుంచి మొదలుపెడదాం. మధ్యాహ్నానికే కెర్రీ గెలుస్తున్నాడన్న మాట ఎలా పుట్టింది?

న్యూజెర్సీ బ్లాగర్: ఎగ్జిట్ పోల్ అంకెలు లీకయ్యాయండీ. ఒహాయోలో కెర్రీ ముందు, ఫ్లోరిడాలోనూ కెర్రీ ముందు. ఆ సర్వే ఆరు వార్తాసంస్థలు కలిసి చేయించుకున్నది, పోలింగ్ అయ్యేదాకా బయటపెట్టకూడదని వాళ్ల నియమం. కానీ న్యూస్‌రూముల్లో అందరికీ తెలుసు, రెండు పార్టీల ప్రచార బృందాలకూ తెలుసు, ఓటు వేసే మనిషికి మాత్రం తెలియకూడదంటే ఎలా? నేను బ్లాగులో పెట్టాను. పెట్టడం సరైన పనేనని ఇప్పటికీ అంటాను.

కొలంబస్ బ్లాగర్: పెట్టారు సరే, దాన్ని ఏమని చెప్పి పెట్టారన్నదే నా గొడవ. అది మధ్యాహ్నం వరకు వచ్చిన లెక్క. పోలింగ్ బూత్ నుంచి బయటికొచ్చేవాళ్లలో ఇన్ని మందికి ఒకరిని ఆపి కాగితం నింపిస్తారు, కొందరు నింపుతారు, కొందరు వద్దని వెళ్లిపోతారు. బుష్‌కు వేసినవాళ్ల కంటే కెర్రీకి వేసినవాళ్లే ఎక్కువగా నింపారని 2005 జనవరిలో ఆ సర్వే సంస్థలే నివేదిక ఇచ్చాయి. ఉడకని అన్నం వడ్డించినట్టయింది.

హైదరాబాద్ బ్లాగర్: ఇక్కడ అప్పుడు అర్ధరాత్రి. ఆ అంకెలు చూసి కెర్రీ వచ్చేశాడనే పడుకున్నారు చాలామంది. ఒహాయోలో పోలింగ్ ముగిసేసరికి మనకు 3వ తేదీ ఉదయం ఆరు. నిద్ర లేచేసరికి కథ తిరగబడుతోంది. అదే ఏడాది మేలో మన లోక్‌సభ ఎన్నికల్లో కూడా ఎగ్జిట్ పోల్స్ తలకిందులైన సంగతి అందరికీ గుర్తుంది, అయినా నమ్మారు.

వ్యాఖ్యాత: మీరు ఆ రోజు ఒహాయో రాజధాని కొలంబస్‌లోనే ఉన్నారు కదా?

కొలంబస్ బ్లాగర్: అవునండీ. హెచ్1బీ మీద ఉన్నాను, నాకు ఓటు లేదు, క్యూలు చూడ్డానికే వెళ్లాను. వాన. నగరంలోని చాలా బూత్‌లలో మెషీన్లు చాలక జనం గంటలకు గంటలు నిలబడ్డారు. పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డవాళ్లున్నారు, పనికి టైమైపోతోందని ఓటు వేయకుండానే వెళ్లిపోయినవాళ్లున్నారు. అదే రాష్ట్రంలోని గాంబియర్ ఊళ్లో కెన్యన్ కాలేజీ విద్యార్థులైతే పది గంటలు పైగా ఆగారు, అక్కడ ఆఖరి ఓటు పడేసరికి తెల్లవారుజామైంది. ఒహాయోలో బుష్ గెలిచిన తేడా దాదాపు 1,18,000 ఓట్లు. అధ్యక్షుణ్ని తేల్చేది రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లు; ఆ రాష్ట్రానికున్న 20 కెర్రీకి వచ్చుంటే అధ్యక్షుడు ఆయనే. అలాంటి చోట క్యూలో నుంచి ఎంతమంది వెనక్కి వెళ్లారో లెక్క రాసినవాడు లేడు.

న్యూజెర్సీ బ్లాగర్: క్యూల గురించి మేమూ రాశాం.

కొలంబస్ బ్లాగర్: రాశారు, కాదనను. కానీ తర్వాత నెలల తరబడి చర్చంతా ఎగ్జిట్ పోల్‌లో కెర్రీ గెలిచాడు కాబట్టి ఓట్లు దొంగిలించారు అన్న దాని చుట్టే తిరిగింది. దానికి ఆధారం బలహీనం. మెషీన్లు చాలకపోవడం మాత్రం కళ్లారా చూసిన నిజం. పైగా ఎన్నికలు నడిపిన రాష్ట్ర అధికారి కెన్నెత్ బ్లాక్‌వెల్ అదే రాష్ట్రంలో బుష్ ప్రచారానికి సహాధ్యక్షుడు కూడా. గట్టిగా అడగాల్సిన ప్రశ్నలు ఇవి. రెండూ కలిపేసరికి, ఓడినవాళ్ల ఏడుపు అని మొత్తంగా కొట్టిపారేశారు. 2005 జనవరి 6న కాంగ్రెస్‌లో ఎలక్టోరల్ ఓట్లు లెక్కించేటప్పుడు ఒహాయో ప్రతినిధి స్టెఫనీ టబ్స్ జోన్స్, కాలిఫోర్నియా సెనేటర్ బార్బరా బాక్సర్ అభ్యంతరం చెప్పింది ఈ క్యూల గురించే. సెనేట్‌లో 74–1తో వీగిపోయింది.

వ్యాఖ్యాత: ఇండియాలో ఇలాంటి లీకు కుదురుతుందా?

హైదరాబాద్ బ్లాగర్: చట్టమే ఒప్పుకోదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఎ సెక్షన్ వచ్చాక, చివరి దశ పోలింగ్ అయ్యేదాకా ఎగ్జిట్ పోల్ చెప్పడం నేరం. అమెరికాలో అలాంటి చట్టం లేదు, వాళ్లకు వాక్ స్వాతంత్ర్యం ముందు. 2006 నుంచి వార్తాసంస్థల తరఫున ఆ అంకెలు చూసేవాళ్లను సాయంత్రం ఐదింటి వరకు ఫోన్లు లేని గదిలో కూర్చోబెడుతున్నారు, అంతే.

న్యూజెర్సీ బ్లాగర్: ఆ గది మంచిదే, ఒప్పుకుంటాను. కానీ అంకె బయటికొచ్చాక దాచమంటే మాత్రం నా వల్ల కాదు.

కొలంబస్ బ్లాగర్: దాచమనడం లేదండీ. ఎన్ని గంటల వరకు వచ్చిన లెక్కో, ఎంతమంది జవాబివ్వలేదో ఆ అంకె పక్కనే రాయమంటున్నాను.