అమైన్లు: నైట్రోజన్ మీది ఆ రెండు ఎలక్ట్రాన్లు ఎక్కడున్నాయి?

నమస్తే అండి. ఇంటర్ సెకండియర్‌లో అమైన్లు రాగానే పిల్లలు బట్టీ పట్టే నంబర్లు రెండున్నాయి. మిథైల్‌కి 213, ఇథైల్‌కి 231. ఇందులో 1 అంటే ప్రైమరీ, 2 అంటే సెకండరీ, 3 అంటే టెర్షియరీ; బలమైనది ముందు. నీళ్లలో ఏ అమైన్ ఎంత బలమైన క్షారమో, అంటే ఎంత బాగా ప్రోటాన్ తీసుకుంటుందో చెప్పే వరస అది. నంబర్లు తప్పు కాదు. కానీ అవి ఎందుకలా వచ్చాయో తెలిస్తే చాప్టర్ సగం అర్థమైనట్టే. అందుకే ఈ వీడియో.

అమ్మోనియాలో నైట్రోజన్‌కి మూడు హైడ్రోజన్లు. వాటి బదులు కార్బన్ గుంపులు పెడితే అమైన్. ఒకటి తీసి కార్బన్ గుంపు పెడితే ప్రైమరీ, రెండు తీస్తే సెకండరీ, మూడూ తీస్తే టెర్షియరీ. ఇక్కడ లెక్కపెట్టాల్సింది నైట్రోజన్‌ని. ఆల్కహాల్స్‌లో కార్బన్‌ని చూస్తాం కదా, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్ టెర్షియరీయే, టెర్షియరీ బ్యూటైల్ అమైన్ మాత్రం ప్రైమరీ.

ఈ మూడు బంధాలూ పిరమిడ్ ఆకారంలో ఉంటాయి. ట్రైమిథైలమైన్‌లో కోణం 108 డిగ్రీలు. నాలుగో మూలన ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ జంట ఉంటుంది. అదే లోన్ పెయిర్. అమైన్ చేసే పనులన్నిటికీ మూలం దాదాపు అదే.

మరుగు స్థానాల్లో మాత్రం హైడ్రోజన్ లెక్క. బ్యూటైలమైన్ 78 డిగ్రీలు, డైఇథైలమైన్ 56, డైమిథైల్ఇథైలమైన్ 37. మూడింటి ఫార్ములా ఒకటే. నైట్రోజన్ మీద హైడ్రోజన్లు తగ్గేకొద్దీ హైడ్రోజన్ బంధాలు తగ్గాయి, అంతే.

సముద్రపు చేప నీచు వాసన ఎక్కడిదో చూద్దాం. చేప చచ్చాక బాక్టీరియా అందులోని ట్రైమిథైలమైన్ ఆక్సైడ్‌ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. అది 3 డిగ్రీలకే మరుగుతుంది, గది వేడికే గాల్లో కలుస్తుంది. పులుసులో చింతపండు పడగానే అందులోని టార్టారిక్ ఆమ్లం లోన్ పెయిర్‌కి ప్రోటాన్ ఇస్తుంది. అమైన్ లవణమైపోతుంది. లవణం ఆవిరవదు, కాబట్టి వాసన తగ్గుతుంది. మందుల కంపెనీలు వాడేదీ ఇదే రసాయనం: సెట్రిజిన్ స్ట్రిప్ మీద హైడ్రోక్లోరైడ్ అని ఉంటుంది చూడండి. నీళ్లలో బాగా కరగడానికి అమైన్‌ని అలా లవణంగా మారుస్తారు.

ఇప్పుడు 213 సంగతి. మిథైల్, ఇథైల్ లాంటి ఆల్కైల్ గుంపులు నైట్రోజన్ వైపు ఎలక్ట్రాన్లను నెడతాయి. ఎన్ని గుంపులుంటే అంత బలం. వాయు స్థితిలో వరస సరిగ్గా అలాగే ఉంటుంది: టెర్షియరీ, సెకండరీ, ప్రైమరీ, చివర అమ్మోనియా. నీళ్లలోకి వచ్చేసరికి ఇంకో సంగతి కలుస్తుంది. ప్రోటాన్ తీసుకున్నాక ఆ ధనాత్మక అయాన్‌ని నీళ్లు పట్టుకుని నిలబెట్టాలి. పట్టుకోవడానికి హైడ్రోజన్లు కావాలి. ప్రైమరీ అయాన్‌లో మూడు, సెకండరీలో రెండు, టెర్షియరీలో ఒక్కటే. నెట్టే బలం ఒకవైపు పెరుగుతుంటే, నీళ్ల ఆసరా తగ్గుతోంది. సెకండరీకి రెండిట్లోనూ తగినంత దక్కింది, కాబట్టి పైన నిలిచింది. మిథైల్ చిన్నది, దాని నెట్టుడు టెర్షియరీని ప్రైమరీ కన్నా పైకి తేలేకపోయింది. ఇథైల్ తేగలిగింది. కానీ ఎంత తేడాతో? ట్రైఇథైలమైన్ పీకేబీ 3.25, ఇథైలమైన్‌ది 3.29. పీకేబీ తక్కువైతే క్షారం బలమైనది. 0.04 తేడా! ఇంత దగ్గర పోటీని ఒక్క కారణంతో తేల్చేయకూడదు, అందుకే నాకు ఉత్త నంబర్ల కోడ్ నచ్చదు.

నైట్రోజన్ నేరుగా బెంజీన్ వలయానికి అతుక్కున్న అమైన్, అంటే అనిలీన్ దగ్గర కథే మారిపోతుంది. దాని పీకేబీ 9.38, అమ్మోనియాది 4.75. అంటే అమ్మోనియా కంటే 40,000 రెట్లకు పైగా బలహీనం. లోన్ పెయిర్ బెంజీన్ వలయంలోకి విస్తరించింది, ప్రోటాన్ కోసం ఖాళీగా లేదు. మరి వలయంలో ఎలక్ట్రాన్లు పెరిగాయి కదా, నైట్రేషన్ చేస్తే, అంటే వలయానికి నైట్రో గుంపు చేరిస్తే, అది ఆర్థో (అమైన్ గుంపు పక్క స్థానం), పారా (సరిగ్గా ఎదురు స్థానం) దగ్గరే చేరాలి. కానీ నేరుగా చేస్తే 51 శాతం పారా, 47 శాతం మెటా (ఆ రెండింటి మధ్య స్థానం), 2 శాతం ఆర్థో వస్తాయి. ఇంత మెటా ఎక్కడిది? బలమైన ఆమ్లంలో అనిలీన్ ప్రోటాన్ తీసుకుని అనిలీనియం అవుతుంది. లోన్ పెయిర్ పోయింది, మిగిలిన ధనావేశం మెటాకి దారి చూపిస్తుంది.

అందుకే ల్యాబ్‌లో ముందు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో ఎసిటనిలైడ్ చేస్తారు. పక్కనున్న కార్బొనైల్ లోన్ పెయిర్‌ని కొంత లాక్కుంటుంది, నైట్రోజన్ అంత తేలిగ్గా ప్రోటాన్ తీసుకోదు. అప్పుడు నైట్రేషన్ చేస్తే ఎక్కువగా పారాయే వస్తుంది. తర్వాత జలవిశ్లేషణతో ఎసిటైల్ గుంపు తీసేస్తే పారా నైట్రోఅనిలీన్ చేతికొస్తుంది.