వాడిన పోలో టీఎస్ఐ కొనేముందు

శ్రోతలకు నమస్కారం.

నడుపుతుంటే హుషారు పుట్టాలి. మూడేళ్ల తర్వాత అమ్మితే పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం తిరిగి చేతికి రావాలి. ఈ రెండూ ఒకే కారులో దొరుకుతాయా? దొరుకుతాయి. అయితే షోరూమ్‌లో కాదు, సెకండ్ హ్యాండ్‌లో. కొత్త కారు ధర మొదటి మూడు నాలుగేళ్లలోనే గబగబా పడిపోతుంది, ఆ నష్టం మొదటి ఓనరు భరిస్తాడు. తర్వాత కొనేవాళ్లకు ధర పడే వేగం తగ్గుతుంది. అందులోనూ కొన్ని కార్లకు అది బాగా తగ్గుతుంది.

ఏ కార్లకు? తయారీ ఆగిపోయి ఉండాలి, అయినా అడిగేవాళ్లు తగ్గకూడదు, విడిభాగాలు మాత్రం దొరుకుతూ ఉండాలి. ఈ మూడోది చాలామంది మర్చిపోతారు. అబార్త్ పుంటో ఉంది, 145 హార్స్‌పవర్, నడిపితే నవ్వు ఆగదు. కానీ ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసింది, ఒక చిన్న భాగం కోసం వారాలు ఎదురుచూడాలి. మారుతి బలెనో ఆర్ఎస్ 2017లో వచ్చి 2020లో పోయింది. సర్వీసుకు ఏ ఊళ్లోనైనా ఇబ్బంది లేదు, కానీ ఆ టర్బో ఇంజన్ భాగాలు మామూలు బలెనోవి కావు. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ అద్భుతమైన కారే, దాని ధర వేరే లెక్క.

ఈ మూడు షరతులకూ సరిపోయే కారు నా లెక్కలో ఒకటుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలో టీఎస్ఐ. టీఎస్ఐ అంటే ఆ కంపెనీ టర్బో పెట్రోల్ ఇంజన్‌కు పెట్టిన పేరు. పుణే దగ్గర చాకన్‌లో తయారైంది. 2022లో 700 లెజెండ్ ఎడిషన్ కార్లతో ఇక్కడ దాని కథ ముగిసింది. దాని స్థానంలో ఆ సైజు హ్యాచ్‌బ్యాక్ మళ్లీ తేలేదు. వెంటో, స్కోడా రాపిడ్ కార్లలో వాడిన భాగాలే చాలావరకు దీనికీ సరిపోతాయి కాబట్టి సామాను దొరుకుతుంది. అందుకే దాని ధర నిలబడింది.

కానీ పోలో టీఎస్ఐ అంటే ఒక్క కారు కాదు. 2013లో వచ్చిన జీటీ టీఎస్ఐలో 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్, 105 హార్స్‌పవర్, దానికి 7 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక 1.0 లీటరు మూడు సిలిండర్ల టర్బో ఇంజన్, 110 హార్స్‌పవర్. దీనికి రెండు గేర్‌బాక్సులు. ఒకటి 6 గేర్ల మాన్యువల్, రెండోది 6 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, ఇది క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ బలాన్ని అందిస్తుంది. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, అన్నిటికీ ఒకటే, 175 న్యూటన్ మీటర్లు. ఇంజన్ల మధ్య తేడా చిన్నది. గేర్‌బాక్సుల మధ్య తేడా పెద్దది. మీ సరదా, మీ డబ్బు రెండూ ఆ గేర్‌బాక్సు మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బీఎస్6 కార్లలో జీటీ అని రాసి ఉన్నది ఆటోమేటిక్కే. మాన్యువల్ టీఎస్ఐ కావాలంటే హైలైన్ ప్లస్ లేదా కంఫర్ట్‌లైన్ టీఎస్ఐ వెతకాలి. అదే కాలంలో టర్బో లేని 1.0 లీటరు ఎంపీఐ పోలో కూడా అమ్మారు, దాని పవరు 76. ఆర్సీ మీద రెండింటికీ 999 సీసీ అనే ఉంటుంది. ఆర్సీ చూసి మోసపోకండి. గేర్ నాబ్ మీద 6 అంకె ఉందో లేదో చూడండి, ఎంపీఐకి 5 గేర్లే. డిక్కీ మీద అంటించిన అక్షరాలను అసలు లెక్కలోకి తీసుకోకండి. ఆ స్టిక్కర్లు బజార్లో దొరుకుతాయి.

ఇక ఈ రోజు అసలు విషయం డీఎస్‌జీ. ఎక్కువ కార్లు తక్కువ ధరకు కనిపించేది దీనితోనే, కొన్నవాళ్లకు ఎక్కువ ఖర్చు పెట్టించేదీ ఇదే.

పోలోలో ఉన్న 7 గేర్ల డీఎస్‌జీ పేరు డీక్యూ200. ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి. 1, 3, 5, 7 గేర్లకు ఒక క్లచ్. 2, 4, 6, రివర్స్‌కు ఇంకో క్లచ్. ఒకటి వదులుతుంటే ఇంకొకటి పట్టుకుంటుంది, అందుకే గేరు పడటం కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఖాళీ రోడ్డు మీద దీన్ని మించిన సుఖం లేదు. కానీ ఈ క్లచ్‌లు రెండూ పొడి క్లచ్‌లు. ఆయిల్‌లో మునిగి ఉండవు, చల్లబరిచేది గాలి మాత్రమే. ఇప్పుడు హైటెక్ సిటీలో సాయంత్రం ఆరున్నర ఊహించుకోండి. కారు అడుగు కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ అడుగు కదులుతుంది. కదిలిన ప్రతిసారీ ఆ క్లచ్ సగం పట్టుకుని రాపిడి పడుతుంది. వేడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఇలా నడిస్తే ప్లేట్లు ఎగుడుదిగుడుగా అరుగుతాయి, కారు వణుకుతుంది.

రెండో సమస్య మెకట్రానిక్. క్లచ్‌లనూ గేర్లనూ కదిలించే హైడ్రాలిక్, ఎలక్ట్రానిక్ యూనిట్ అది. అందులో ఆయిల్ ఒత్తిడి నిల్వ ఉంచే డబ్బా బిగించే చోట అల్యూమినియం గోడ పగలడం ఈ గేర్‌బాక్సుకు ప్రపంచమంతా తెలిసిన జబ్బు. ఒత్తిడి పోతే గేరే పడదు, కారు ఉన్నచోటే ఆగిపోతుంది. కారు కంప్యూటర్‌ను స్కాన్ చేస్తే చాలాసార్లు కనిపించే లోపం కోడ్ పీ17బీఎఫ్. క్లచ్‌లు, మెకట్రానిక్ రెండూ మార్చాల్సి వస్తే బిల్లు లక్ష దాటుతుంది. కాబట్టి అమ్మేవాళ్లు లక్ష తగ్గించి ఇస్తామంటే సంతోషపడకండి. ఎందుకు తగ్గిస్తున్నారో చూడండి.

ఎలా చూడాలి? జాగ్రత్తగా వినండి, ఈ ప్రసంగంలో గుర్తుంచుకోవలసిన ముక్క ఇదే.

ముందే చెప్పండి, నేను వచ్చేదాకా కారు స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఆ రోజు వెనక్కి వచ్చేయండి, ఇంకో రోజు వెళ్లండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లు చెవులు అక్కడే పెట్టండి. టైమింగ్ చైన్ ఉన్న ఇంజన్‌లో గలగలమని చప్పుడు వచ్చి ఆగిపోతే చైన్ సాగిందని అనుమానించాలి.

తర్వాత నడపండి. అరగంట తక్కువ కాకుండా, అందులో సగం ట్రాఫిక్‌లో. గేర్‌బాక్సు వేడెక్కాలి. చల్లగా ఉన్నప్పుడు చెడ్డ డీఎస్‌జీ కూడా బుద్ధిమంతురాలిలా ఉంటుంది. గేర్‌బాక్సు వేడెక్కాకే చూడండి.

వేడెక్కాక చదునైన చోట ఆపండి. డీ లో పెట్టి, యాక్సిలరేటర్ ముట్టకుండా, బ్రేక్ మాత్రం వదలండి. కారు మెత్తగా, ఒకే ఊపులో పాకాలి. కాళ్ల కింద నేల అదిరినట్టు, స్టీరింగ్‌లో జలదరింపులా అనిపిస్తే అది క్లచ్. ఒకసారి కాదు, ఏడెనిమిది సార్లు చేయండి. తర్వాత 20 వేగం నుంచి నడక వేగానికి తగ్గించి మళ్లీ మెల్లగా తొక్కండి. 2 నుంచి 1కి, 1 నుంచి 2కి మారేటప్పుడు టక్కుమని తగిలితే, వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ఉంటే, రాసుకోండి. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆపి కదిలించండి. రివర్స్‌లో చిన్న ఎత్తు ఎక్కించండి, ఇది చాలామంది చేయరు. రివర్స్ రెండో క్లచ్ మీద పనిచేస్తుంది కాబట్టి ముందుకు బాగా నడిచే కారు వెనక్కి వణకవచ్చు.

చివరగా ఖాళీ రోడ్డు మీద గేర్ లివర్‌ను మాన్యువల్ వైపు నెట్టి, 3వ గేరులో 40 వేగం నుంచి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు, వేగం రెండూ కలిసి పెరగాలి. ముల్లు పైకి పరిగెత్తి వేగం వెనకబడితే క్లచ్ జారుతోంది. అదే పని 4వ గేరులో 50 నుంచి చేయండి. 3వ గేరు ఒక క్లచ్‌ను పరీక్షిస్తుంది, 4వ గేరు ఇంకో క్లచ్‌ను.

ఇదంతా అయ్యాక, ముందు కాదు, అయ్యాక, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ పెట్టించండి. ఇంజన్ ఒక్కటే కాదు, గేర్‌బాక్సు కంట్రోలర్ కూడా చదివించండి. ఒక్క కోడ్ కూడా లేదని మురిసిపోవద్దు. రెడీనెస్ టెస్టులు, అంటే కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు, పూర్తయ్యాయో లేదో అడగండి. పూర్తికాలేదని చూపిస్తే, మీరు రావడానికి కాస్త ముందే కోడ్లు చెరిపేసి ఉండవచ్చు.

ఇంకో ప్రమాదం ట్యూనింగ్. ఈ టర్బో ఇంజన్లకు సాఫ్ట్‌వేర్ మార్చి పవరు పెంచడం కుర్రాళ్లకు సరదా. నడిపేవాళ్లకు బాగుంటుంది, తర్వాత కొనేవాళ్లకు బాగుండదు. డీక్యూ200 తట్టుకునేందుకు తయారైన హద్దు 250 న్యూటన్ మీటర్లు. కంపెనీ ఇచ్చిన 175కి, ఆ హద్దుకు మధ్య ఉన్న ఖాళీనే ఆ గేర్‌బాక్సు ఆయుష్షు. ట్యూన్ చేస్తే ముందు కరిగేది ఆ ఖాళీయే. ఎలా కనిపెట్టాలి? ఎయిర్ ఫిల్టర్ పెట్టె బదులు కోన్ ఆకారంలో ఫిల్టర్ ఉందా, సైలెన్సర్ గొట్టం మారిందా, ఇంజన్ కంప్యూటర్ బోల్టుల మీద స్పానర్ గీతలున్నాయా చూడండి. అమ్మేముందు మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కించేస్తారు. అయినా ఒక్కోసారి ఆనవాలు మిగులుతుంది. కంపెనీ డయాగ్నస్టిక్స్‌లో మార్పు దొరికితే ఆ ఛాసిస్ నంబరు మీద టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఛాసిస్ నంబరు పట్టుకుని ఆథరైజ్డ్ వర్క్‌షాప్‌లో సర్వీస్ హిస్టరీ తీయించేటప్పుడు ఈ టీడీ1 సంగతి కూడా అడగండి. ధర నిలబడేది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారుకు. మోడిఫికేషన్ల మీద పోసిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు.

మిగతావి త్వరగా చెబుతాను. కూలెంట్ గొట్టాల దగ్గర, థర్మోస్టాట్ చుట్టూ ఎండిపోయిన గులాబీ రంగు పొడి కనిపిస్తే అక్కడ కారుతోంది. స్పీడ్ బ్రేకర్ మెల్లగా దాటితే ముందు నుంచి కటకట వస్తే చాలావరకు లింక్ రాడ్లు, బుష్‌లు, అది పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది. టైరు మీద నాలుగు అంకెలు చదవండి, 2319 అంటే 2019లో 23వ వారం. టైరు లోపలి అంచు ఒక్కటే అరిగి ఉంటే అలైన్‌మెంట్ లేదా గుద్దిన కారు. బానెట్ కీళ్ల బోల్టుల మీద పెయింట్ చెదిరి ఉంటే ఎవరో విప్పారు.

వరద కార్ల గురించి మాత్రం త్వరగా చెప్పలేను. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాటిలో కొన్ని కడిగి, ఎండబెట్టి, వేరే ఊళ్లో అమ్మకానికి వస్తాయి. మెకట్రానిక్ లాంటి ఎలక్ట్రానిక్స్‌కు నీళ్లు తగిలితే లోపం నెలల తర్వాత బయటపడవచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. సీటు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు, బెల్టు ఆ చివరి జానెడు ముక్క కడగడం మర్చిపోతారు. అక్కడ బురద గీత ఉంటుంది. స్టెప్నీ టైరు తీసి దాని కింద గుంతలో సన్నటి ఒండ్రు ఉందేమో వేలు పెట్టి చూడండి. సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు ఉంటే బేరం ఆడకండి, వచ్చేయండి.

నా మాట అడిగితే మొదటి ఎంపిక 2020 తర్వాతి 1.0 టీఎస్ఐ 6 గేర్ల మాన్యువల్. నడిపే సరదా ఎక్కువ, చెడేవి తక్కువ. ఆటోమేటిక్ తప్పనిసరైతే అదే ఇంజన్‌కు టార్క్ కన్వర్టర్, 60,000 కిలోమీటర్ల దగ్గర గేర్ ఆయిల్ మార్చిన బిల్లు ఉంటే ఇంకా మంచిది. పాత జీటీ డీఎస్‌జీ మీద మనసు పడితే కొనండి, అది నిజంగా మనసు పడాల్సిన కారే. క్లచ్‌లు మార్చిన బిల్లు ఉన్నది చూసి కొనండి. లెజెండ్ బ్యాడ్జికి మాత్రం అదనంగా ఇవ్వకండి, ఇంజన్, గేర్‌బాక్సు మామూలు బీఎస్6 జీటీవే.

లెక్క ఇలా వేయండి. మాటవరసకు 6 లక్షలకు కొని మూడేళ్లకు 5 లక్షలకు అమ్మితే పోయింది లక్ష. మధ్యలో గేర్‌బాక్సుకు లక్షన్నర పెడితే పోయింది రెండున్నర లక్షలు. రెండో మనిషి అదే కారు ఏడు లక్షలకు, అన్ని బిల్లులతో కొన్నా, ఆ బిల్లులు చూపించి ఆరుకు అమ్ముకుంటాడు. ఎక్కువ పెట్టి కొన్నవాడికే తక్కువ ఖర్చయింది.

కాగితాల దగ్గరికి వస్తే, పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతుందో చూడండి. అయిదేళ్ల నుంచి ఒకే ఓనరు దగ్గరున్న కారుకు అది సున్నా అయితే ఈ మధ్య క్లెయిమ్ పడి ఉండవచ్చు, దేనికో అడగండి. ఓనరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉండి ఉంటే అది తీరిందని బ్యాంకు ఇచ్చిన ఫారం 35. బెంగళూరు నుంచో పుణే నుంచో తెస్తే ఫారం 28 మీద ఎన్ఓసీ, దాని పైన ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్సు. ఆ ట్యాక్సు కలిపాక అక్కడి చవక ధర చవకగా మిగలకపోవచ్చు, అడ్వాన్సు ఇచ్చేముందే ఆర్టీఏలో కనుక్కోండి. కారు చేతులు మారిన తేదీ నుంచి 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టండి. లేదంటే మీ కారుకు మీ చేతిలో దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ పైసా ఇవ్వనక్కర్లేదు.

నమస్కారం.