సినిమాను ఇంటికి తీసుకెళ్లిన గీతలు

అందరికీ నమస్కారం.

మీలో నా వయసు వాళ్లకు ఆకాశవాణిలో వచ్చే సంక్షిప్త శబ్ద చిత్రం గుర్తుండే ఉంటుంది. రెండున్నర గంటల సినిమాను సుమారు గంటకు కుదించి, మాటలూ పాటలూ వినిపించేవారు. మా అమ్మమ్మ చింతపండులో గింజలు తీస్తూ వినేది. మధ్యలో ఎవరూ మాట్లాడకపోతే, "ఇప్పుడు ఆ పిల్ల తల దించుకుందిరా" అని నాకు చెప్పేది. ఊళ్లో హాలు నుంచి సినిమా వెళ్లిపోతే మళ్లీ చూసే దారి లేని రోజులవి. చెవికి అందిన సగానికి మిగతా సగం ఆవిడే కలిపేది.

మనవాళ్లు బొమ్మ పోగొట్టుకుని మాట దక్కించుకున్నారు. యుద్ధం తర్వాత జపాన్‌లో కొందరు కుర్రవాళ్లు మాటా పాటా పోగొట్టుకుని బొమ్మ దక్కించుకున్నారు. హాలీవుడ్ సినిమా చూసి వచ్చి, దాన్ని మాంగాగా, అంటే వాళ్ల బొమ్మల కథగా గీసుకున్నారు. ఈ రోజు వాళ్ల గురించి మాట్లాడతాను.

వాళ్లలో ముందుగా చెప్పాల్సిన మాంగా చిత్రకారుడు ఒసాము తెజుకా. 1928లో పుట్టాడు. పెరిగిన ఊరు తకరజుకా. ఇంట్లో తండ్రి కొన్న చిన్న పాథే ప్రొజెక్టర్ ఉండేది. ఆ పిల్లవాడు చాప్లిన్‌నీ మిక్కీ మౌస్‌నీ ఇంటి గోడల మధ్యే చూశాడు. 1941 డిసెంబరులో అమెరికాతో యుద్ధం మొదలయ్యాక జపాన్ హాళ్లలో అమెరికా సినిమాలు ఆగిపోయాయి. మళ్లీ 1946 ఫిబ్రవరి చివర్లో వచ్చాయి. పదమూడేళ్లప్పుడు మాయమైన సినిమా పదిహేడేళ్లప్పుడు తిరిగొచ్చింది. ఆ మధ్య కాలంలో బాంబు దాడులు చూశాడు, ఆకలి చూశాడు. ఆ వయసులో నాలుగేళ్ల ఎడబాటు ఎంత పెద్దదో ఆలోచించండి.

తకరజుకా అనే పేరు విన్నట్టుందా? అందరూ ఆడవాళ్లే నటించే పేరున్న నాటక సంస్థ 1914 నుంచి ప్రదర్శనలు ఇస్తున్నది ఆ ఊళ్లోనే. మన ఆర్ఆర్ఆర్‌ను 2024 జనవరిలో వాళ్లు రంగస్థలం మీదికి తెచ్చారు. భీమ్ వేషమూ ఆడమనిషే కట్టింది. పరాయి దేశపు సినిమాను తీసుకుని తమ కళలోకి మార్చుకోవడం అక్కడ కొత్త విషయం కాదని చెప్పడానికే ఈ ముక్క.

1947కి తెజుకా ఒసాకాలో వైద్య విద్యార్థి. ఆ నగరంలో అప్పుడు 'అకహోన్' అని చవక బొమ్మల పుస్తకాలు అచ్చయ్యేవి. అకహోన్ అంటే ఎర్ర పుస్తకం. ముతక కాగితం, మెరిసే ఎర్రని అట్ట. మిఠాయి కొట్లలో, ఆటవస్తువుల కొట్లలో అమ్మేవారు. ఆ ఏడాదే తెజుకా 'కింగ్ కాంగ్' మాంగా గీశాడు. 1933 నాటి హాలీవుడ్ సినిమాకు అది కాగితం మీది రూపం. హక్కుల సంగతి ఆ చవక పుస్తకాల లోకం పెద్దగా పట్టించుకునేది కాదు.

నా దృష్టిలో అసలైన సినిమా మాంగా మాత్రం అది కాదు. అదే ఏడాది వచ్చిన 'షిన్ తకరజిమా', అంటే 'కొత్త నిధుల దీవి'. కథ రూపకల్పన షిచిమా సకాయిది, బొమ్మలు తెజుకావి. ఆ పుస్తకం ఏ ఒక్క సినిమాకూ అనుసరణ కాదు, కానీ మొదటి పేజీల్లోనే సినిమా కనిపిస్తుంది. పీట్ అనే కుర్రవాడు కారులో రేవుకు దూసుకుపోతుంటాడు. మాటలు దాదాపు లేవు. ఒక గడిలో కారు పక్కనుంచి కనిపిస్తుంది, ఇంకో గడిలో మన మీదికే వస్తున్నట్టుంటుంది. జరిగిన విషయం ఒకటే, కుర్రవాడు రేవుకు వెళ్లాడు. ఒక్క బొమ్మతో చెప్పేయొచ్చు. దాన్ని ముక్కలు చేసి గీయడం వల్ల మన కన్ను పరిగెత్తుతుంది. తకావోకా అనే ఊళ్లో ఇద్దరు స్నేహితులు ఆ పేజీలు చూసి, కాగితం మీద కారు నిజంగా కదులుతోందని నివ్వెరపోయారు. ఇద్దరూ పెద్దయ్యాక ఫుజికో ఫుజియో అనే పేరుతో గీశారు. వాళ్లలో ఒకరి చేతిలోంచి వచ్చిందే మన పిల్లలు టీవీలో చూసే డోరేమాన్.

ఇక బాంబీ. డిస్నీ వాళ్ల 1942 సినిమా, 70 నిమిషాలు. జపాన్‌కు 1951లో వచ్చింది. దాన్ని 80 సార్లకు పైగా చూశానని తెజుకా తానే చెప్పుకున్నాడు. పొద్దుటి ఆట నుంచి రాత్రి ఆట వరకూ హాల్లోనే కూర్చునేవాడు. మరుసటేడు 'బాంబీ', 'పినోకియో' రెండూ మాంగాలుగా గీశాడు. హక్కుల చిక్కుల వల్ల ఆ రెండు పుస్తకాలూ దశాబ్దాల పాటు పాఠకులకు అందలేదు. 400 సంపుటాల ఆయన సమగ్ర రచనల్లోనూ చేరలేదు. చివరికి 2005లో మళ్లీ అచ్చయ్యాయి. ఆయన 1989లోనే చనిపోయాడు. అంత ప్రేమతో గీసిన పుస్తకాలు మళ్లీ బయటికి రావడం ఆయన చూడలేకపోయాడంటే నాకు బాధేస్తుంది.

అయినా ఒక మాట చెప్పాలి. ఎనభై సార్లు చూసినవాడికి సినిమా మీద భక్తి పెరుగుతుంది, చెయ్యి మాత్రం కట్టుబడిపోతుంది. బాంబీ నుంచి ఆయన నేర్చుకున్నది బాంబీ మాంగాలో కంటే ఆయన సొంత మాంగా 'జంగిల్ చక్రవర్తి'లో ఎక్కువ స్వేచ్ఛగా కనిపిస్తుందని నేననుకుంటాను.

సినిమాను తీసుకుని పూర్తిగా తన సొంతం చేసుకున్న మనిషి హిదెకో మిజునో. 1939లో పుట్టారు. టోక్యోలో ఒకప్పుడు తెజుకా, ఆయన తర్వాత కుర్ర చిత్రకారులు ఉన్న తోకివా-సో అనే పాత అద్దె మేడలో, 1958లో కొన్ని నెలలున్నారు. వాళ్లందరి మధ్య ఆవిడ ఒక్కతే ఆడపిల్ల. ఆ రోజుల్లో అమ్మాయిల పత్రికల్లో ఎక్కువగా తల్లీకూతుళ్ల కన్నీటి కథలుండేవి. పెద్దవాళ్ల ప్రేమకథ గీయాలంటే ఎన్నో సంకోచాలు. అదే కథను పరాయి దేశంలో పెడితే ఆ సంకోచాలు సడలేవి. 1963లో ఆవిడ 'సుతెకినా కోరా' గీశారు. ఆధారం 1954 నాటి 'సబ్రినా', ఆడ్రీ హెప్‌బర్న్ సినిమా.

అందులో ఒక సన్నివేశం దగ్గర ఆగుదాం. సబ్రినా పెద్దింటి కారు డ్రైవరు కూతురు. ఆ ఇంట్లో జరిగే పార్టీలను చెట్టెక్కి చూసే పిల్ల. పారిస్ వెళ్లి వంట నేర్చుకుని తిరిగొస్తుంది. రైల్వే స్టేషన్ బయట నిలబడి ఉంటే, ఆ ఇంటి చిన్నబ్బాయి చూసి గుర్తుపట్టలేక, ఎవరో అందగత్తె అనుకుని కారెక్కించుకుంటాడు. హాల్లో మనకు ఇబ్బంది లేదు. జుట్టు మారినా బట్టలు మారినా ఆ ముఖం హెప్‌బర్న్‌దేనని తెలుసు. అబ్బాయికి తెలియదు, మనకు తెలుసు. అదే ఆ సన్నివేశానికి ప్రాణం.

మరి మాంగాలో? అక్కడ మనిషిని పోల్చుకునేదే జుట్టుతో, బట్టలతో. ముఖం నాలుగు గీతలు. ఆ రెండూ మార్చేస్తే అబ్బాయితో పాటు పాఠకుడూ ఆ పిల్లను గుర్తుపట్టలేడు. ఇక మిగిలేవి కళ్లే. హాలీవుడ్‌లో హీరోయిన్ క్లోజప్ తీసేటప్పుడు కంట్లో మెరుపు చుక్క కోసం కెమెరా పక్కనే చిన్న లైటు పెట్టేవాళ్లు. అమ్మాయిల మాంగాలో పెద్ద కళ్లు, వాటిలో నక్షత్రాలు మీరు చూసే ఉంటారు. వాటికి వేరే మూలాలూ ఉన్నాయి. అయినా ఆ నక్షత్రంలో ఆ చిన్న లైటు కూడా కొంత ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మిజునో 1966లో ఇంకోటి గీశారు. ఈసారి జాన్ ఫోర్డ్ 1952లో తీసిన 'ద క్వయట్ మ్యాన్' ఆధారం. ఐర్లండ్ పచ్చిక, మధ్యలో మొరీన్ ఒహారా ఎర్ర జుట్టు. రంగుల ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చిన సినిమా. మాంగా పత్రికలో చాలా పేజీలకు ఒక్క సిరా రంగే. ఎరుపును ఎక్కడ పెట్టాలి? ఆవిడ దాన్ని మాంగా పేరులోనే పెట్టారు. ఆ మాంగా పేరు 'అకగె నో స్కార్లెట్', ఎర్ర జుట్టు స్కార్లెట్. మొదటి పేజీ తెరవకముందే పాఠకురాలి మనసులో ఎరుపు పడిపోతుంది, తర్వాత నల్ల సిరా గీతల్ని ఆ ఎరుపుతోనే చదువుకుంటుంది. ఈ ఉపాయం తట్టినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మా అమ్మమ్మ రేడియో ముందు చేసిన పనీ ఇదే కదా.

తర్వాతి కాలంలో అనుసరణ పద్ధతిగా, ఒప్పందాలతో జరిగే పని అయింది. 1997లో హిసావో తమాకి స్టార్ వార్స్ మొదటి సినిమాను మాంగాగా గీశారు. వీడియో క్యాసెట్లు ఇంటింటా ఉన్న కాలం. సినిమాను ఇంటికి తెచ్చే భారం గీతల మీద లేదు. వేగం, యంత్రాల చప్పుళ్లు పేజీ మీదికి తేవడం తమాకి సరదా. బాగుంటుంది, చూడండి.

నేను బొమ్మల కథలు గీయడం నేర్పుతుంటాను. మొన్న ఒక తరగతిలో ఆ స్టేషన్ సన్నివేశం చెప్పి, ఆరు గళ్లలో గీయమన్నాను. అమ్మాయిని పాఠకుడు గుర్తుపట్టాలి, అబ్బాయి గుర్తుపట్టకూడదు. చాలామంది పక్కన బాణం గుర్తేసి "సబ్రినా" అని రాసేశారు. ఒకమ్మాయి మొదటి గడిలో చెట్టుకొమ్మను పట్టుకున్న చెయ్యి మాత్రం గీసింది. నాలుగు వేళ్లు బిగించి, చిటికెనవేలు విడిగా. ఆరో గడిలో ముఖమే లేదు. సూట్‌కేసు పిడి, దాని మీద అవే నాలుగు వేళ్లు, విడిగా ఆ చిటికెనవేలు. ఆ కాగితం తెచ్చాను. ముందు వరుస నుంచి ఒకరి తర్వాత ఒకరికి అందించండి. జపాన్ మాంగాలాగే కుడి నుంచి ఎడమకు చదవాలి.