నల్లరేగడిలో ఇల్లు దిగదు, లేస్తుంది

యాంకర్: అక్కా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పక్క కొత్తిళ్లకు కూడా కిటికీ మూల నుంచి ఏటవాలుగా చీలికలు వస్తాండాయి. అడిగితే అందరూ ‘పునాది దిగింది’ అంటారు.

ఇంజనీర్: చానాసార్లు దిగడం కాదు తమ్ముడూ, లేవడం. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వానకు ఇంటి చుట్టూ మట్టి తడుస్తుంది, నడిమి మట్టికి ఆ నీళ్లు అందవు. అంచు లేస్తుంది, నడుము అట్నే ఉంటుంది. గోడ చీలకేం చేస్తుంది? అందులోనూ తేలికపాటి ఒంటంతస్తు ఇంటికే బాధ ఎక్కువ.

యాంకర్: బరువు తక్కువైతే మంచిది కదా?

ఇంజనీర్: కింద నుంచి తోస్తాంటే అణిచిపెట్టేదానికి బరువు కావాల కదప్పా. కాంపౌండు గోడలు చూడు, ఎట్లా వంకర పోతాయో.

యాంకర్: మట్టి ఎంత ఉబ్బుతుందో ముందే తెలుస్తుందా?

ఇంజనీర్: కిరసనాయిలు పరీక్ష ఉంది. ఆరబెట్టి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని రెండు గాజు సిలిండర్లలో 10 గ్రాముల చొప్పున పోయాల. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఇంకోదాంట్లో కిరసనాయిలు, రెండూ 100 మిల్లీలీటర్ల గీత దాకా. కడ్డీతో కలిపి బుడగలు పోగొట్టి, 24 గంటలు కదపకుండా పెట్టాల. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు. అందులో 10 దగ్గర నిలిచి, నీళ్లలో 16కు చేరిందనుకో, ఉబ్బు 60 శాతం. 50 దాటితే నాలుగడుగుల లోతు మామూలు పునాది, అదే ఫుటింగు మాట మరిచిపోవాల.

యాంకర్: మరేం వేయాల?

ఇంజనీర్: అండర్ రీమ్డ్ పైల్, అంటే అడుగున గడ్డ ఉండే కాంక్రీటు స్తంభం, నేలలోకి పోస్తారు. కనీసం 3.5 మీటర్లు దిగాల, అంటే తడీపొడీ మారే మట్టిని దాటాల. 300 మిల్లీమీటర్ల బోరు వేసి, అడుగున రీమర్‌తో 750కి వెడల్పు చేస్తారు, ఎర్రగడ్డ మాదిరి. పై మట్టి ఎంత లాగినా ఆ గడ్డ కింద పట్టుకోనుంటుంది. కమ్మీ అడుగు దాకా పోవాల. సగంలో ఆపితే ఆడనే తెగుతుంది, లాగుడుకు కాంక్రీటు ఒక్కటే నిలవదు.

యాంకర్: పైల్స్ వేసినా పగిలిన ఇళ్లుండాయే?

ఇంజనీర్: ఆడ ప్లింతు బీము చూడాల, అంటే పైల్స్ మీద గోడల కింద పోసే కాంక్రీటు దూలం. బీముకూ నేలకూ నడుమ కనీసం 80 మిల్లీమీటర్ల సందు వదలాల. షట్టరింగ్ ఖర్చు మిగులుతుందని నేల మీదే బెడ్డు వేసి పోసేస్తారు. మట్టి ఉబ్బి నేరుగా బీమునే తంతుంది. పైల్స్‌కు పెట్టిన డబ్బు అక్షరాలా మట్టిపాలు.

యాంకర్: లోపల పరిచిన కడప బండలు కూడా లేస్తాయి కదా?

ఇంజనీర్: నల్లమట్టి మీద ఇసుక పోసి పరిస్తే లేవవా? ఇసుకలో నీళ్లు సులువుగా పారి కింద నల్లమట్టికి చేరుతాయి. మీటరు లోతు నల్లమట్టి తీసేసి ఎర్ర గరుసు పోయాల. అరడుగు పొరలుగా పోసి, తడిపి, తొక్కించాల. ఇంటి చుట్టూ బయటికి వాలుగా అప్రాన్, అంటే గచ్చు, వేయాల. సంపు గోడకు ఆనించొద్దు, చిన్న లీకేజీ ఉన్నా ఆ ఒక్క మూలే లేస్తుంది. పెద్ద చెట్టు పక్కనే ఉంటే ఇంకో రకం, అది నీళ్లు పీల్చి ఆ మూల కుంగుతుంది.

యాంకర్: ఇప్పటికే పగిలిన ఇంటికి?

ఇంజనీర్: వెంటనే పుట్టీ పెట్టొద్దు. చీలికకు అడ్డంగా సన్న గాజు పలక అతికించి తేదీ రాయాల. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడాల. పలక విరిగిందంటే గోడ ఇంకా కదులుతాంది, నీళ్లు యాడ నుంచి వస్తాండాయో వెతకాల.