సర్పంచ్ ఆమె, మైకు ఆయన చేతిలో: హనుమకొండ స్టూడియో చర్చ

నిజామాబాద్ వైపు ఒక ఊరి గ్రామసభ వీడియో వారం రోజులుగా ఫోన్లలో తిరుగుతోంది. 2025 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన మహిళా సర్పంచ్ ఒక పక్కన కూర్చుని ఉన్నారు. మైకు ఆమె భర్త చేతిలో ఉంది. మహిళా సంఘం వాళ్లు లేచి బెల్టు షాపు తీసేయించమని అడిగితే, "అది వీడీసీ చూసుకుంటుంది, మీరు కూర్చోండి" అన్నాడు. వీడీసీ అంటే గ్రామాభివృద్ధి కమిటీ. దాని మీద జరిగిన చర్చ ఇది. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంతే రాశాం.

మోడరేటర్: నమస్కారం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అప్పుడు ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు, ఇప్పుడు మన రాష్ట్రంలో సగం. ముప్పై ఏళ్లు దాటినా మైకు భర్త చేతిలోనే ఉంది. నేను సూటిగా అడుగుతున్నాను. ఆ భర్త మీద కేసు పెట్టాలా, వద్దా? అక్కా, మీరు జనగామ వైపు సర్పంచ్‌గా చేసినవారు. మీతోనే మొదలుపెడదాం.

మాజీ సర్పంచ్: కేసు సంగతి తర్వాత తమ్ముడూ. వీడియోలో అందరూ ఆయననే చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డ ఆ నలుగురు ఆడవాళ్లను చూశాను. ఊరంతా చూస్తుండగా లేచి సారా మాట ఎత్తడమంటే ఏంటో మీకు తెలుసా? ఇంటికెళ్లాక మొగుడు అడుగుతాడు, మామ అడుగుతాడు. అయినా లేచారు. వాళ్లను కూర్చోబెట్టింది ఎవరు? వీడీసీ. ఆ పేరు చెప్పకుండా భర్త, భర్త అంటే...

మోడరేటర్: వీడీసీ దగ్గరికి వస్తాం. ముందు భర్త...

మాజీ సర్పంచ్: ఇప్పుడే రావాలి! గ్రామాభివృద్ధి కమిటీ అని అందమైన పేరు. అందులో ఒక్క ఆడమనిషి ఉంటుందా? బెల్టు షాపుకు వేలం పెడతారు. పాడుకున్నవాడే ఊళ్లో అమ్మాలి. ఆ డబ్బుతో గుడి కట్టామంటారు, బోరు వేశామంటారు. మాట వినని ఇంటికి కిరాణం బంద్, మంగలి బంద్. చట్టంలో వీడీసీకి చోటెక్కడుంది? సార్ చెప్పాలి.

విశ్రాంత ఎంపీడీవో: చట్టంలో లేదమ్మా. 2018 పంచాయతీరాజ్ చట్టంలో గ్రామసభ ఉంది, స్థాయీ సంఘాలు ఉన్నాయి. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. నేను చెప్పేది ఏంటంటే, అసలు లోపం శిక్షణలో ఉంది. మా రోజుల్లో శిక్షణకు పిలిస్తే భర్తలు ముందు వచ్చి హాల్లో...

మోడరేటర్: చూశారా, మళ్లీ భర్తలే! కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వేసిన కమిటీ కూడా 2025లో ఇదే చెప్పింది. భార్య పదవిని నడిపే భర్తలకు గట్టి శిక్ష ఉండాలని సిఫార్సు చేసింది. మేడం, మీరేమంటారు?

డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు: శిక్ష అనే ముందు ఒకటి చూడాలండీ. ఎస్సీ మహిళకు రిజర్వు అయిన సీటు తీసుకోండి. ఆమె పెద్ద రైతు పొలంలో కూలికి వెళ్తుంది. భర్త కూడా అక్కడే పని చేస్తాడు. నామినేషన్ వేయించింది ఆ పెద్ద రైతే. అప్పుడు సభలో మైకు పట్టుకున్న భర్త కూడా తన మాట మాట్లాడడు. అతని మీద కేసు పెడితే వెనకున్న మనిషి...

మోడరేటర్: అంటే భర్తను వదిలేయమంటారా?

అధ్యాపకురాలు: అలా అనలేదు. నేను చెప్పబోయేది పూర్తిగా...

మాజీ సర్పంచ్: బిడ్డా, ఒక్క నిమిషం. నాకు చదువు ఐదో తరగతి. పొదుపు సంఘంలో చేరినప్పుడు సంతకం చేయడానికి చెయ్యి వణికేది. తర్వాత మా ఊరి ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రం నాలుగు సీజన్లు నడిపాను. తేమ 17 శాతం దాటితే మిల్లువాడు తీసుకోడు, బస్తాకు ఇంత తరుగు అంటాడు. రైతు తిట్టేది మమ్మల్నే. రాత్రి పదకొండు దాటినా లారీ రాకపోతే ఫోన్ చేసేది మేమే. కాంటా దగ్గర హమాలీలతో కొట్లాడేది మేమే. లక్షల రూపాయల లెక్క ఒక్క పైసా తేడా రాకుండా రాసిన ఆడవాళ్లకు గ్రామసభలో మైకు పట్టుకోవడం రాదా? ఏ శిక్షణ సార్ ఇంకా?

ఎంపీడీవో: వడ్ల లెక్క వేరమ్మా, పంచాయతీ లెక్క వేరు. శిక్షణ ఉంటేనే...

మాజీ సర్పంచ్: వేరేం లేదు! చెక్కు మీద సంతకం సర్పంచ్‌ది. పక్కన ఉప సర్పంచ్‌ది కూడా ఉండాలన్నారు. ఆ ఉప సర్పంచ్ ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు.

అధ్యాపకురాలు: అక్కా, నేను చెప్పబోయింది కూడా అదే. ఉమ్మడి సంతకం వల్ల రిజర్వుడు సీటులో గెలిచిన ఆమెను...

(ఇక్కడ నలుగురూ ఒకేసారి మాట్లాడారు. అధ్యాపకురాలి మాట పూర్తి కాలేదు, తర్వాత కూడా ఎవరూ దాన్ని అడగలేదు. ఈ చర్చలో తప్పకుండా వినాల్సిన మాట అది.)

మోడరేటర్: ఒకరి తర్వాత ఒకరు, దయచేసి! ఫోన్ లైన్‌లో ఆర్మూరు వైపు నుంచి ఒక వీడీసీ సభ్యుడు ఉన్నారు. చెప్పండి.

ఫోన్‌లో వీడీసీ సభ్యుడు: అన్నా, మమ్మల్ని అంత చెడ్డగా చెప్పకండి. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన. వీధి లైటు పోతే వేసింది మేము. డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? వేలం పెట్టకపోయినా మందు ఎట్లాగూ అమ్ముతారు. ఆ పైసలేవో మన ఊరికే వస్తే...

మాజీ సర్పంచ్: తమ్ముడూ, ఆ పైసలు ఎవరివి? నాటు వేసి, కలుపు తీసి, బీడీలు చుట్టి ఆడది తెచ్చిన పైసలు. మొగుడు తాగితే వీడీసీకి వచ్చాయి. దాంతో లైటు వేసి మాకే చూపిస్తారా?

ఫోన్‌లో వీడీసీ సభ్యుడు: అట్ల కాదక్కా, మా దగ్గర... (లైన్ కట్ అయింది)

మోడరేటర్: మళ్లీ కలుపుదాం. ఎంపీడీవో గారూ, బీడీ కార్మికుల మాట వచ్చింది కాబట్టి...

ఎంపీడీవో: బీడీ కార్మికులకు పింఛను 2015లో మొదలైంది. పీఎఫ్ నంబరు ఉన్నవాళ్లకే అనడంతో అప్పట్లో చాలా గొడవ జరిగింది. అసలు మద్యం విషయానికొస్తే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఉద్యమం లేచింది. 1993 అక్టోబరు 1న సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. కారణం ఏంటంటే రాబడి...

మోడరేటర్: అది పెద్ద చర్చ. మనం భర్తల దగ్గరికి...

మాజీ సర్పంచ్: పెద్ద చర్చ కాదు తమ్ముడూ, చర్చ అదే! మా అమ్మ ఆ రోజుల్లో సారా ప్యాకెట్లు పట్టుకుని కాల్చింది. ఆమె వార్డు మెంబరు కూడా కాదు. పాలకుర్తి ఐలమ్మకు ఏ పదవి ఉంది? విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట మీదికి వస్తే నిలబడింది. ఇప్పుడు ఆమె పేరు కోఠి మహిళా యూనివర్సిటీకి పెట్టుకున్నాం, మంచిదే. ఊళ్లో ఆమెలా లేచిన నలుగురిని మాత్రం కూర్చోమంటాం.

అధ్యాపకురాలు: ఐలమ్మ వెనక సంఘం ఉంది అక్కా. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. ఇవాళ ఆ సర్పంచ్ వెనక ఎవరున్నారు? మహిళా సంఘం ఒక పక్క, సర్పంచ్ ఒక పక్క కూర్చున్నారు. ఇద్దరూ కలిస్తేనే...

మాజీ సర్పంచ్: సంఘాన్ని పావలా వడ్డీకి, మీటింగులకు జనాన్ని తేవడానికి వాడుకున్నారు బిడ్డా. నాయకులు వస్తే చీరలు కట్టుకుని లైన్లో నిలబడమంటారు. బెల్టు షాపు అంటే మాత్రం మీ పని చూసుకోండి అంటారు.

మోడరేటర్: చివరి రెండు నిమిషాలు. ఒక్క మాటలో చెప్పండి. భర్తలకు శిక్ష ఉండాలా, వద్దా? ఎంపీడీవో గారు?

ఎంపీడీవో: శిక్షణ తర్వాత శిక్ష. ముందు శిక్షణ...

మోడరేటర్: మేడం?

అధ్యాపకురాలు: ఒక్క మాటలో చెప్పేది కాదిది. సీటు ఐదేళ్లకు మారిపోతుందనే...

మోడరేటర్: అంటే శిక్ష ఉండాలనే అనుకుంటాను. అక్కా?

మాజీ సర్పంచ్: శిక్ష పెట్టుకోండి, కాదనను. నేనడిగేది వేరు. సార్, ఆ ఊరి గ్రామసభ మళ్లీ ఎప్పుడు జరగాలి?

ఎంపీడీవో: రెండు నెలల లోపు జరపాలి.

మాజీ సర్పంచ్: తారీఖు కనుక్కోండి. మా మండల సమాఖ్య ఆడవాళ్లం బస్సు మాట్లాడుకుని పోతాం. సభలో మాట్లాడే హక్కు మాకు లేదు, తెలుసు. వెనక నిలబడతాం. ఆ నలుగురు మళ్లీ లేచినప్పుడు వెనక ఎవరూ లేరనుకోకూడదు. తమ్ముడూ, మీరూ కెమెరా తీసుకుని రండి.

మోడరేటర్: సమయం అయిపోయిందక్కా, మరో చర్చలో...

మాజీ సర్పంచ్: వస్తారా, రారా? అది చెప్పండి ముందు.

(ప్రసారం ఇక్కడ ఆగింది.)