న్యాయమూర్తి థామస్ లెఫ్రాయ్: ఇంటి అండ, పార్టీ అండ

సభలోని పెద్దలకు, లా చదువుతున్న పిల్లలకు నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయే ఐర్లండ్ జడ్జి పేరు థామస్ లెఫ్రాయ్. ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాళ్లకి ఈ పేరు ఒకే ఒక్క కారణంగా తెలుసు. ఇరవై ఏళ్ల వయసులో ఆయన ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్‌తో డాన్సు చేశాడు. ఆ తర్వాత ఇంకో డెబ్బై మూడేళ్లు బతికాడు, ఐర్లండ్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. వాటి సంగతి అడిగేవాళ్లు తక్కువ. ఆయన్ని తూచాల్సింది మాత్రం ఆ జడ్జి కుర్చీలో చేసిన పనితోనే. ఆ కుర్చీ దాకా ఆయన ఎలా వెళ్లాడో కూడా చూడాలి.

లెఫ్రాయ్‌ల పూర్వీకులు హ్యూగనాట్లు. అంటే మతం కారణంగా ఊరొదిలి ఇంగ్లండ్ చేరిన ప్రొటెస్టెంట్లు. తండ్రి ఐర్లండ్‌లో సైనికాధికారి. 1776 జనవరి 8న లిమరిక్‌లో థామస్ పుట్టాడు. ఐదుగురు ఆడపిల్లల తర్వాత పుట్టిన మొదటి మగబిడ్డ. ఇంటి ఆశలన్నీ ఎవరి మీద ఉంటాయో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. చదువు ఖర్చు పెట్టుకున్నది తండ్రి మేనమామ బెంజమిన్ లాంగ్లా. పిల్లవాడు ఆ డబ్బుని వృథా చేయలేదు. పద్నాలుగేళ్లకే డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చేరాడు, వక్తృత్వంలో బంగారు పతకాలు తెచ్చుకున్నాడు, లా కోసం లండన్ వెళ్లాడు.

1795 క్రిస్మస్ సెలవులకి హాంప్‌షైర్‌లో చర్చి ఫాదర్‌గా ఉన్న బాబాయి ఇంటికి వచ్చినప్పుడే జేన్‌తో పరిచయం. మరుసటి జనవరి 9న ఆమె అక్కకి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. కుర్రాడు అందగాడు, మర్యాదస్తుడు, ఒక్కటే లోపం, వేసుకున్న కోటు మరీ లేత రంగు అంటుంది అందులో. ఇద్దరి దగ్గరా డబ్బు లేదు. ఒకరి సొమ్ముతో చదువుకుంటున్న కుర్రాడు, కట్నం ఇవ్వలేని పాస్టర్ గారి అమ్మాయి. వ్యవహారం అక్కడే ఆగిపోయింది. ముసలితనంలో ఆయన తన బంధువుతో, అవును, ప్రేమించాను, అది కుర్రతనపు ప్రేమ అన్నాడట.

1797లో ఐర్లండ్ బార్‌లో చేరాడు, అంటే లాయర్ అయ్యాడు. 1799లో కాలేజీ స్నేహితుడి చెల్లెలు మేరీ పాల్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె తరఫున ఆస్తి కూడా వచ్చింది. పెద్దమ్మాయికి జేన్ అని పేరు పెట్టారు కాబట్టి పాత ప్రేమ మరిచిపోలేదని కథలు అల్లుతుంటారు. అత్తగారి పేరు కూడా జేన్ అన్న సంగతి వాళ్లు చెప్పరు. భార్యాభర్తలు కలకాలం కలిసి బతికారు. లాంగ్‌ఫర్డ్ కౌంటీలో క్యారిగ్లాస్ అనే ఎస్టేట్ కొని పెద్ద భవనం కట్టుకున్నారు. అక్కడి గుర్రపుశాలలు అంతకుముందే జేమ్స్ గాండన్ డిజైన్ చేసినవి. డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనం డిజైన్ చేసిందీ ఆయనే.

లాయర్‌గా లెఫ్రాయ్ గట్టివాడు, దాంట్లో సందేహం లేదు. లార్డ్ రీడ్స్‌డేల్ 1802 నుంచి 1806 దాకా ఐర్లండ్ చాన్సలర్‌గా, అంటే ఈక్విటీ కోర్టు పెద్ద జడ్జిగా ఇచ్చిన తీర్పులని షోల్స్ అనే తోటి లాయర్‌తో కలిసి రిపోర్టులుగా అచ్చు వేయించాడు. ఈక్విటీ కేసుల్లో, అంటే చట్టం అక్షరం కన్నా న్యాయబుద్ధిని బట్టి తేల్చే కేసుల్లో, ఆ రిపోర్టులని తర్వాత తరాల లాయర్లు కూడా చూపిస్తూ వచ్చారు. 1808లో ప్రభుత్వ సార్జంట్, అంటే సర్కారు తరఫు సీనియర్ లాయర్ అయ్యాడు. ఈ విద్వత్తు ఒక్కటే ఆయన్ని జడ్జిని చేసి ఉంటే నేను ఇంతసేపు మాట్లాడను.

1830 నుంచి 1841 దాకా పార్లమెంటులో డబ్లిన్ యూనివర్సిటీకి ఉన్న సీటులో టోరీ ఎంపీ. టోరీలంటే అప్పటి సంప్రదాయవాద పార్టీ. ఐర్లండ్‌లో ఎక్కువమంది కాథలిక్కులు. వాళ్లకి పార్లమెంటులో కూర్చునే హక్కు 1829లో గానీ రాలేదు, దాన్ని వ్యతిరేకించినవాళ్లలో ఈయన ఒకడు. 1841లో టోరీలు అధికారంలోకి రాగానే ఎక్స్‌చెకర్ కోర్టు జడ్జి పదవి ఇచ్చారు. ఆ రోజుల్లో అక్కడ అది మామూలే. టోరీల ప్రత్యర్థులైన విగ్ పార్టీవాళ్లు కూడా పదవులు తమవాళ్లకే ఇచ్చుకున్నారు. మామూలే కదా అని వదిలేస్తే మాత్రం 1848లో జరిగింది మనకి అర్థం కాదు.

అప్పటికి కరువు మూడేళ్లుగా జనాన్ని మింగేస్తోంది. జాన్ మిచెల్ అనే పత్రికా సంపాదకుడు ప్రభుత్వం మీద తిరగబడమని బాహాటంగా రాశాడు. ఆ ఏప్రిల్‌లోనే కొత్త చట్టం వచ్చింది. పేరు ట్రీజన్ ఫెలనీ. రాతలో తిరుగుబాటు ఉద్దేశం కనబడితే చాలు, ద్వీపాంతరం పంపొచ్చు. మే నెలలో డబ్లిన్ గ్రీన్ స్ట్రీట్ కోర్టులో విచారణ. బెంచి మీద లెఫ్రాయ్, జస్టిస్ మూర్. జ్యూరీలో ఒక్క కాథలిక్ కూడా లేడు. మిచెల్ తరఫున వాదించింది ఎనభై దాటిన రాబర్ట్ హోమ్స్, 1803లో ఉరికంబం ఎక్కిన రాబర్ట్ ఎమ్మెట్‌కి స్వయానా బావ. ఐర్లండ్ బానిస దేశం అని ఆ పెద్దాయన వాదిస్తుంటే లెఫ్రాయ్ మధ్యలో అడ్డుపడ్డాడు. శిక్ష పద్నాలుగేళ్ల ద్వీపాంతరవాసం.

శిక్ష విన్నాక మిచెల్ రోము కథ ఒకటి ఎత్తుకున్నాడు. నిరంకుశుడి ముందు తన చెయ్యి కాలి బూడిదవుతుంటే, నా వెనక ఇంకో మూడు వందలమంది వస్తారని చెప్పిన వీరుడి కథ. చుట్టూ ఉన్న స్నేహితులని చూపిస్తూ నేను ఒకరి తరఫున, ఇద్దరి తరఫున, ముగ్గురి తరఫున మాటివ్వలేనా అన్నాడు. నా తరఫున ఇవ్వు, నా తరఫున ఇవ్వు అని కోర్టంతా అరుపులు. జడ్జిలు గబగబా లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రానికే మిచెల్‌ని ఓడ ఎక్కించేశారు. మిచెల్‌ని నేను దేవుణ్ణి చేయడం లేదు. అమెరికా చేరాక ఆయన నల్లవాళ్ల బానిసత్వాన్ని సమర్థించాడు, అది క్షమించరానిది. కానీ ఆ రోజు బోనులో నిలబడ్డవాడికి దక్కాల్సింది పక్షపాతం లేని జ్యూరీ. అది దక్కలేదు, బెంచి మీద ఉన్న పెద్దమనిషి దాన్ని సరిదిద్దలేదు.

ఆ చట్టం మన దాకా వచ్చింది. 1870లో ఇండియన్ పీనల్ కోడ్‌లో చేర్చిన 124-ఎ అనే రాజద్రోహం సెక్షన్‌కి ట్రీజన్ ఫెలనీ చట్టం ఒక నమూనా. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో తిరునల్వేలి కాల్పుల మీద రాసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారికి మూడేళ్ల జైలు పడింది. అదీ రాజద్రోహం కేసే.

1852లో మళ్లీ టోరీలు వచ్చారు, లెఫ్రాయ్‌ని క్వీన్స్ బెంచి కోర్టు ప్రధాన న్యాయమూర్తిని, అంటే ఐర్లండ్ ప్రధాన న్యాయమూర్తిని చేశారు. అప్పటికి ఆయనకి డెబ్బై ఆరు. మన దగ్గర హైకోర్టు జడ్జి 62కి, సుప్రీంకోర్టు జడ్జి 65కి రిటైర్ అవుతారు. అక్కడ వయసు పరిమితి లేదు, తప్పు చేయనంతకాలం తీసెయ్యడానికీ లేదు. ప్రభుత్వం ఒత్తిడి జడ్జి మీద పడకూడదని పెట్టిన ఏర్పాటు అది, మంచిదే. ఈయన విషయంలో అది వేరే పనికి ఉపయోగపడింది. తొంభై ఏళ్లు వచ్చినా దిగలేదు. 1866లో ఆయన వయసు గురించి పార్లమెంటులో చర్చ జరిగితే, తండ్రి ఒకప్పుడు గెలిచిన డబ్లిన్ యూనివర్సిటీ సీటులోనే ఎంపీగా ఉన్న పెద్దకొడుకు ఆంథనీ వెనకేసుకొచ్చాడు.

అదే వేసవిలో లిబరల్ ప్రభుత్వం పడిపోయి లార్డ్ డర్బీ టోరీ ప్రభుత్వం వచ్చింది. ఆ జూలైలో లెఫ్రాయ్ రాజీనామా చేశాడు. ఖాళీ అయిన కుర్చీలోకి జేమ్స్ వైట్‌సైడ్ వచ్చాడు. టోరీ నాయకుడు, ఆయనా డబ్లిన్ యూనివర్సిటీ ఎంపీయే. తీర్పు కోసం ఎదురుచూసే కక్షిదారులని బట్టి కాదు, తన పార్టీ చేతికి ఆ కుర్చీ అందే సమయాన్ని బట్టి ఆయన దిగాడని నా నమ్మకం. 1869 మే 4న తొంభై మూడేళ్ల వయసులో పోయాడు. రెండేళ్లకి కొడుకు థామస్ తండ్రి జీవితచరిత్ర రాసి ప్రచురించాడు.